చెట్టు ఎవరిదో తేలకుండా మొక్కలు పంచితే

ఈ మధ్య ఒక స్నేహితుడు నాకో వ్యాసం పంపాడు. ఆఫ్రికా పల్లెల్లో మందుమొక్కలు ఎందుకు అంతరించిపోతున్నాయన్నది విషయం. నాటువైద్యం మీద గుడ్డి నమ్మకంతో జనం చెట్ల బెరడు ఒలిచేస్తున్నారని, దుంపలు తవ్వేస్తున్నారని, వాళ్ళలో అవగాహన పెంచి తలా ఒక మొక్క ఇచ్చి నాటిస్తే సమస్య తీరుతుందని అందులో రాశారు. నా స్నేహితుడికి అది బాగా నచ్చింది. మన కంపెనీలు సామాజిక సేవకి కేటాయించే సీఎస్సార్ డబ్బులు ఇలాంటి వాటికి పెట్టొచ్చు కదా అన్నాడు.

నాకు నచ్చలేదు. ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఉన్నాను. అక్కడి మందుమొక్కల బజారు మా ఆఫీసు నుంచి నడిచి వెళ్ళేంత దూరం. బెరడు అమ్మే ఆడవాళ్ళతో మాట్లాడాక, ఆ తర్వాత దీని గురించి దొరికిందల్లా చదివాక నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. అడవిలో బెరడు ఒలిచే మనిషికి ఆ చెట్టు మీద ఏ హక్కూ లేదు. వచ్చే ఏడు కూడా ఆ చెట్టు తనకి అందుబాటులో ఉంటుందన్న భరోసా లేదు. ఆ భరోసా ఇవ్వకుండా సదస్సులు పెట్టినా, నిషేధాలు పెట్టినా, మొక్కలు పంచినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. దీనికి ఎదురు చెప్పగలిగే వాదనలు చాలానే ఉన్నాయి, కొన్ని బలమైనవి కూడా. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

వార్విక్ వంతెన మీద

డర్బన్ నడిబొడ్డున వార్విక్ జంక్షన్ ఉంది. రైళ్ళు, బస్సులు, మినీబస్ టాక్సీలు అన్నీ కలిసే చోటు. ఫ్రీవే కోసం మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన వంతెన మీద అక్కడి ముతి బజారు నడుస్తుంది. సంప్రదాయ మందుల్ని అక్కడ ముతి అంటారు. ఒకప్పుడు ఈ అమ్మకందార్లంతా రోడ్డు పక్కనే ఎండకీ వానకీ కూర్చునేవాళ్ళు. 1990ల చివర్లో నగరపాలక సంస్థ ఆ వంతెన మీద షెడ్లు వేసి చోటు చూపించింది.

లోపలికి అడుగుపెట్టగానే ముక్కుకి తగిలేది తడి బెరడు వాసన, మట్టి వాసన, మధ్యలో ఏదో ఘాటు. నేల మీద పరిచిన పట్టాల మీద ఎర్రటి వేళ్ళ కట్టలు, పెద్ద పెద్ద దుంపలు, అరచేతి వెడల్పు బెరడు ముక్కలు. ఒక మూల దంచుతూనే ఉంటారు. కొనేవాళ్ళలో ఇన్యాంగాలు ఉంటారు, అంటే మూలికా వైద్యులు. రోగానికి కారణం పూర్వీకుల్ని అడిగి చెప్పే సంగోమాలు ఉంటారు. ఆఫీసు బట్టల్లో వచ్చి దగ్గు మందు కొనుక్కుపోయేవాళ్ళూ ఉంటారు. పల్లెటూరి మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాళ్ళు ఒక్క సాయంత్రం అక్కడ నిలబడి చూడాలి. ఆ గిరాకీలో పెద్ద భాగం నగరానిదే.

2007లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం దక్షిణాఫ్రికాలో ఈ వ్యాపారం విలువ ఏటా 290 కోట్ల రాండ్లు. వాడేవాళ్ళు 2 కోట్ల 70 లక్షల మంది, అంటే అప్పటి జనాభాలో సగానికి పైగా. ఏడాదికి 20 వేల టన్నుల సరుకు, 771 రకాల మొక్కలు. కనీసం 1,33,000 మందికి ఇదే బతుకుదెరువు, వాళ్ళలో ఎక్కువ మంది పల్లెటూరి ఆడవాళ్ళు. ఇంత పెద్ద వ్యవహారాన్ని అవగాహన సదస్సుతో సరిదిద్దవచ్చని నేను అనుకోను.

అక్కడి జులూ భాష వచ్చిన సహోద్యోగి ఒకరు తోడుంటే ఒక పెద్దావిడతో కాసేపు మాట్లాడాను. ఆవిడ ముందు ఇసిభాహా అనే చెట్టు బెరడు ఉంది. నాలుక మీద మిరియంలా మండుతుంది. దగ్గుకి, జలుబుకి, ఛాతీ పట్టేసినప్పుడు వాడతారు. ఎక్కడి నుంచి తెస్తారని అడిగాను. చిన్నప్పుడు తమ ఊరి వెనక అడవిలోనే దొరికేదట. ఇప్పుడు మొజాంబిక్ నుంచి సంచుల్లో వస్తే కొని అమ్ముతున్నానంది. చెట్టు చచ్చిపోయేలా ఎందుకు ఒలుస్తారని నా తరఫున సహోద్యోగి అడిగారు. ఆవిడ కోప్పడలేదు. ‘సగం వదిలేసి వస్తే మిగతా సగం మర్నాడు ఇంకొకరు ఒలుచుకుపోతారు. అప్పుడు చెట్టూ పోతుంది, నా పిల్లల ఫీజూ పోతుంది’ అంది.

చెట్టు చుట్టూ బెరడు తీసేస్తే ఏమవుతుందో ఆవిడకి నాకంటే బాగా తెలుసు. ఆకుల్లో తయారైన ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేళ్ళకి దిగుతుంది. ఆ దారి చుట్టూరా తెగితే వేళ్ళు ఆకలితో చస్తాయి, కొన్నాళ్ళకి చెట్టు నిలువునా ఎండిపోతుంది. ఆవిడకి లేనిది ఈ అవగాహన కాదు.

పాత కట్టుబాట్లు

డర్బన్ ఉన్న నటాల్ ప్రాంతంలో మూలికల వ్యాపారం మీద 1980ల్లో టోనీ కనింగ్‌హామ్ అనే వృక్షశాస్త్రవేత్త విస్తారంగా పనిచేశాడు. పాత రోజుల్లో మూలికలు సేకరించడానికి ఉన్న నియమాలు ఆయన నమోదు చేసిన విషయాల్లో ఉన్నాయి. బెరడుని చెట్టుకి తూర్పు వైపు, పడమర వైపు మాత్రమే తీసేవాళ్ళు. కొన్ని మొక్కల్ని ఇనుముతో తాకకూడదు. కొన్నిటిని ఆకు రాలిపోయిన చలికాలంలోనే తవ్వాలి. అందరూ సేకరించకూడదు, ఆ విద్య తెలిసినవాళ్ళే చేయాలి.

వీటిని చదివి పూర్వీకులు ఎంత గొప్ప పర్యావరణవేత్తలో అని పొంగిపోవడం తేలిక. నాకూ మొదట అలాగే అనిపించింది కానీ ఆ మాట నిలబడదు. తూర్పు పడమరల్లోనే తీయడం మందు శక్తి కోసం పెట్టుకున్న నియమం. చెట్టు బతకడం దాని వెంట వచ్చిన ఫలితం. ఇనుము ముట్టకుండా కర్రతో తవ్వితే ఎక్కువ తవ్వలేరు, అంతే. వైద్యుడు తన ఊళ్ళో రోగి కోసం తన ఊరి చెట్టు దగ్గరికి వెళ్ళేవాడు కాబట్టి, ఏడాదికి నాలుగు ముక్కలు తీస్తే సరిపోయేది కాబట్టి ఆ నియమాలు పనిచేశాయి.

ఇంకో ఇబ్బంది ఉంది. ఆఫ్రికా అల్లం అనే మొక్క ఉంది. దగ్గుకీ ఉబ్బసానికీ దాని దుంప నములుతారు. నటాల్‌లో దానికి పేరున్న ఇనాండా, ఉమ్లోటి లోయల్లో 1911కి ముందే అది మాయమైపోయిందని కనింగ్‌హామ్ రాశాడు. అప్పటికి ఫ్రీవేలు లేవు, ఇప్పటి మహానగరం లేదు. కట్టుబాట్లు ఇంకా బతికే ఉన్న కాలం. అయినా ఆ మొక్క పోయింది. కాబట్టి ‘పాత పద్ధతులు తిరిగి తెస్తే చాలు’ అన్న వాదనని నేను నమ్మను. తవ్వేవాడికీ మందు తాగేవాడికీ మధ్య దూరం పెరిగి, మధ్యలో వ్యాపారం దిగాక కట్టుబాటు ఒక్కటే అడ్డం నిలవలేదు.

కొనేవాళ్ళలో మనమూ ఉన్నాం

ఈ వ్యాపారం గురించి రాసే తెలుగువాళ్ళు వదిలేసే సంగతి ఒకటి చెప్పాలి. 1860 నుంచి 1911 దాకా మద్రాసు ఓడరేవు మీదుగా నటాల్ చెరకు తోటలకి వెళ్ళిన కూలీల్లో గంజాం, విశాఖ, గోదావరి జిల్లాలవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ డర్బన్‌లో ఉన్నారు. 1931లో పెట్టుకున్న ఆంధ్ర మహాసభ ఇంకా నడుస్తోంది. కూలి ఒప్పందం తీరాక అక్కడే స్థిరపడిన భారతీయుల్లో, వాళ్ళ వెనక వచ్చిన వర్తకుల్లో కొందరు ముతి దుకాణాలు పెట్టారు. 20వ శతాబ్దమంతా డర్బన్‌లో భారతీయుల ముతి కొట్లు పేరున్నవే. ఆఫ్రికన్ ఆడవాళ్ళు అడవి నుంచి తెచ్చిన సరుకు కొని, సీసాల్లో, పొట్లాల్లో పెట్టి అమ్మారు. కొందరు భారతీయులు స్వయంగా ఇన్యాంగాలుగా వైద్యం కూడా చేశారు.

వాళ్ళని తప్పుబట్టడం కోసం ఇది చెప్పడం లేదు. వర్ణవివక్ష రాజ్యం నోరు నొక్కేసిన కాలంలో దొరికిన ఉపాధి అది. కానీ ‘ఆఫ్రికన్ల గుడ్డి నమ్మకాలు’ అని మనం దూరం నుంచి వేలు చూపించేటప్పుడు, ఆ సరుకు చేతులు మారిన కౌంటర్లలో కొన్ని మనవాళ్ళవి అని గుర్తుండాలి. లాభం కౌంటర్ దగ్గర మిగిలింది. అడవిలో పట్టుబడితే జరిమానా మాత్రం బెరడు మోసుకొచ్చిన ఆవిడకే పడింది.

కామెరూన్ పర్వతం మీద జరిగింది

హక్కు లేకపోతే ఏమవుతుందో చూడాలంటే కామెరూన్‌లో ప్రూనస్ ఆఫ్రికానా చెట్టు కథ చూడాలి. కొండల మీద పెరిగే చెట్టు. అక్కడివాళ్ళు జ్వరానికీ కడుపునొప్పికీ దాని బెరడు వాడేవాళ్ళు. 1966లో ఒక ఫ్రెంచి వ్యాపారి దాని సారం మీద పేటెంట్ తీసుకున్నాడు. వయసు మీద పడిన మగవాళ్ళకి ప్రోస్టేట్ వాపుతో వచ్చే మూత్రం ఇబ్బందికి మందు. అక్కడి నుంచి ఐరోపాలో దానికి పెద్ద గిరాకీ.

మొదట ప్లాంటెకాం అనే ఒక్క కంపెనీకే అనుమతి ఉండేది. బెరడుని చెట్టు చుట్టుకొలతలో ఎదురెదురు పావు భాగాల్లోనే తీయాలి, మళ్ళీ నాలుగైదేళ్ళు ముట్టుకోకూడదు. తర్ఫీదు ఇచ్చిన పనివాళ్ళు ఆ పద్ధతిలోనే తీసేవారు, చెట్లు బతికేవి. 1985 తర్వాత ప్రభుత్వం ఇంకా చాలామందికి పర్మిట్లు ఇచ్చింది. పర్మిట్ ఒక మనిషికి, అడవి సర్కారుకి, చెట్టు ఎవరికీ కాకుండా పోయింది. వచ్చినవాడు వచ్చినట్టు నిలువునా ఒలిచాడు, పైన కొమ్మల బెరడు అందకపోతే చెట్టునే నరికాడు. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న ఒప్పందం సైటిస్. 1995 నుంచి ఆ చెట్టు దాని రెండో అనుబంధంలో ఉంది, అంటే ఎగుమతికి లెక్కా అనుమతీ కావాలి. 2000లో ప్లాంటెకాం మూతపడింది. 2007లో ఐరోపా సమాఖ్య కామెరూన్ నుంచి దిగుమతిని ఆపేసింది.

ఇక్కడే నా వాదనకి గట్టి దెబ్బ ఒకటి ఉంది. చెట్లని బాగా చూసుకున్న కాలంలో హక్కు ఎవరిది? విదేశీ కంపెనీది, ఊరివాళ్ళది కాదు. అంటే ఎవరో ఒకరి గుత్తాధిపత్యం ఉంటే చాలు, ఊరివాళ్ళకే హక్కు ఇవ్వాలని లేదు అని ఎవరైనా అనొచ్చు. దీన్ని నేను కొట్టిపారేయను. ఒక చేతిలో ఉన్నంత కాలం చెట్లు బతికాయన్నది నిజం. కానీ ఆ గుత్తాధిపత్యం రాజధానిలో ఒక సంతకంతో వచ్చింది, ఇంకో సంతకంతో పోయింది. కొండ కింద ఊళ్ళకి అందులో మాట లేదు. కొత్త పర్మిట్‌దారులు వచ్చినప్పుడు ‘ఇది మా చెట్టు’ అని అడ్డం నిలబడే అధికారం వాళ్ళకి లేదు. దూరంగా ఉన్న యజమాని వెళ్ళిపోతాడు. ఊరు ఎక్కడికీ పోదు. ఊరి హక్కుని నేను నమ్మేది ఆ ఒక్క కారణంతోనే. ఊళ్ళోవాళ్ళు సహజంగా మంచివాళ్ళని, అత్యాశ లేనివాళ్ళని నేను అనడం లేదు.

అసలు ఆ మందులు పనిచేస్తాయా?

డాక్టరైన మా బంధువు ఒకాయన ఈ మాటే అడిగాడు. పనిచేయని మందు కోసం చెట్టు పెంచడం దేనికి, ఆ వాడకాన్నే మాన్పించాలి కదా అని. న్యాయమైన ప్రశ్న. దక్షిణాఫ్రికాకి దీని చేదు అనుభవం ఉంది. 2000ల మొదట్లో అక్కడి ఆరోగ్యమంత్రి మాంటో చబలాలా-మ్సిమాంగ్ ఎయిడ్స్ రోగులకి వెల్లుల్లి, నిమ్మ, బీట్‌రూట్, ఆఫ్రికన్ పొటాటో తినమని చెప్పింది. ఎయిడ్స్ వైరస్‌ని అదుపులో ఉంచే ఏఆర్‌వీ మందులు ఇవ్వడం ఆలస్యమైంది. దానివల్ల 3,30,000 మందికి పైగా చనిపోయారని హార్వర్డ్ పరిశోధకులు 2008లో అంచనా వేశారు. ఆ ఆఫ్రికన్ పొటాటో కూడా అడవి గడ్డి మైదానాల్లో దొరికే దుంపే. తవ్వితే మొక్క మొత్తం పోతుంది. రోగులూ పోయారు, మొక్కలూ పోయాయి. సంప్రదాయం పేరు చెప్పి చేసిన ఆ పనిని ఏ వంకతోనూ సమర్థించలేం.

ఈ మొక్కల్ని కాపాడాలనడం అంటే వాటి మీద చెప్పుకునే ప్రతి మాటనీ ఒప్పుకున్నట్టు కాదు. కొన్ని విషం కూడా. కానీ మా బంధువు అడిగినట్టు వాడకం మాన్పించే దాకా ఆగితే ఒక్క చెట్టూ మిగలదు. దగ్గర్లో క్లినిక్ ఉన్న నగరాల్లోనే లక్షలమంది కొంటున్నారు. పైగా ఏది పనిచేస్తుందో తేల్చాలన్నా మొక్క బతికి ఉండాలి కదా. మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు పుట్టిల్లు మడగాస్కర్. రక్తక్యాన్సర్ పిల్లలకి ఇచ్చే విన్‌క్రిస్టిన్ అందులోంచే వచ్చింది. మా బంధువు తన ఆస్పత్రిలో రోజూ చూసే మందు అది.

మొక్క ఇచ్చారు, నేల?

ఇప్పుడు నా స్నేహితుడికి నచ్చిన సంగతికి వస్తాను. మొక్కలు పంచడం పనికిరాని పని అని నేను అనను. డర్బన్ నగరపాలక సంస్థ 1980ల్లోనే సిల్వర్‌గ్లెన్‌లో మందుమొక్కల నర్సరీ పెట్టింది. భారతీయులు ఎక్కువగా ఉండే చాట్స్‌వర్త్‌ని ఆనుకునే ఉంటుంది. వైద్యులకి నారు అమ్మారు, పెంచడం నేర్పారు. క్రూగర్ నేషనల్ పార్క్ వాళ్ళు తమ స్కుకుజా నర్సరీలో ఇసిభాహా మొక్కలు పెంచి చుట్టుపక్కల ఊళ్ళకీ వైద్యులకీ ఇచ్చారు. జింబాబ్వేలో అయితే ఈ చెట్టు అడవిలో దాదాపు అంతరించింది. దక్షిణాఫ్రికా నుంచి తెచ్చిన కొమ్మలతో మొక్కలు కట్టి చిపింగె వైపు రైతుల చేత నాటించారు.

2000 ప్రాంతంలో డర్బన్‌కి దగ్గర్లోని పీటర్‌మారిట్స్‌బర్గ్ పరిశోధకులు ఇంకో దారి చూపించారు. ఇసిభాహా ఆకుల్లో కూడా దాదాపు బెరడులో ఉన్నలాంటి గుణాలే కనిపించాయి. ఆకులు కోస్తే చెట్టు చావదు. ఇంత మంచి వార్త ఉన్నా, నేను బజారుకి వెళ్ళినన్నాళ్ళూ బెరడే కనిపించింది. పెద్దావిడని అడిగాను. ఆకులు తెచ్చినా కొనేవాళ్ళు నమ్మరంది. పొడి చేస్తే దేని ఆకో ఎవరికి తెలుసు అంది. అలా నమ్మకం కుదరాలంటే ‘ఇది మా పెరటి చెట్టు ఆకు’ అని చెప్పగలగాలి. పెరడు ఉండాలి.

క్వాజులూ-నటాల్ పల్లెల్లో నేల సంగతి చాలామందికి తెలియదు. 1994లో పెట్టిన ఇంగోన్యామా ట్రస్టు కింద దాదాపు 28 లక్షల హెక్టార్ల భూమి ఉంది. జులూ రాజు పేరున ట్రస్టు, పంపకం స్థానిక పెద్దల చేతుల్లో. ఆడవాళ్ళకి నేల ఎక్కువగా భర్త ద్వారానో, తండ్రి ద్వారానో, కొడుకు ద్వారానో వస్తూ వచ్చింది. భర్త పోయినా, పెళ్ళి కాకపోయినా ఆ చోటు నిలుస్తుందో లేదో పక్కా చెప్పలేరు. ఇసిభాహా బెరడు తీయదగినంత లావు కావాలంటే ఏళ్ళు పడుతుంది. తన నేల అవునో కాదో తెలియని చోట ఆవిడ అన్నేళ్ళ చెట్టు ఎందుకు నాటుతుంది? మొక్కజొన్న వేసుకుంటుంది, ఆరు నెలల్లో చేతికొస్తుంది. అది తెలివైన పనే. తర్వాత ఎవరో వచ్చి పంచిన మొక్కల్లో ఎన్ని చచ్చిపోయాయో లెక్కపెట్టి, ‘ప్రజల్లో శ్రద్ధ లేదు’ అని రిపోర్టులో రాస్తారు.

నా వాదనకి కాస్త బలం ఇచ్చేది నమీబియా. అక్కడ డెవిల్స్ క్లా అనే ఎడారి తీగ ఉంది. కీళ్ళనొప్పుల మందుగా జర్మనీకీ ఫ్రాన్సుకీ ఎగుమతి అవుతుంది. మధ్యలో తల్లివేరు, దాని చుట్టూ పిల్లదుంపలు. తల్లివేరుని వదిలి పిల్లదుంపల్ని మాత్రం కోసి, గుంట పూడ్చితే మొక్క మళ్ళీ దుంపలు పెడుతుంది. 1990ల చివర్లో ఒమాహెకె ప్రాంతంలో సాన్ తెగ సేకరణదారులతో సంఘాలు కట్టించి, ఈ పద్ధతి పాటిస్తేనే మంచి ధరకి కొంటామన్న ఏర్పాటు చేశారు. బ్వాబ్వాటా నేషనల్ పార్క్ లోపల నివసించే ఖ్వే ప్రజలకి పార్క్ నుంచే తవ్వుకునే అనుమతి ఉంది. అడవిలోంచి వాళ్ళని తరిమేయలేదు, వాళ్ళ సంఘం పేరునే అనుమతి ఇచ్చారు. ఈ ఏడు పూడ్చిన గుంట దగ్గరికి మళ్ళీ తామే వస్తామని తెలిసినవాళ్ళు దాన్ని పూడుస్తారు.

అక్కడ కూడా అంతా సవ్యంగా లేదు. ధర ఐరోపా కొనుగోలుదారు చెప్పిందే. కరువు ఏడాది ఆకలి ముందు ఏ సంఘం నియమమూ నిలవదు. డెవిల్స్ క్లా తోటలు పెద్దగా వేస్తే ధర పడిపోతుంది, అప్పుడు ఇసుకలో గుంట తవ్వే మనిషికి మిగిలేది ఇంకా తక్కువ. మొక్క బతికి, దాని మీద బతికే మనిషి వీధిన పడితే దాన్ని సంరక్షణ అనడానికి నాకు మనసొప్పదు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సాగు చేసే హక్కు, మొక్కలు, శిక్షణ అన్నీ మొదట ఇప్పటికే తవ్వుతున్నవాళ్ళకే ఇవ్వాలని మాత్రం అనుకుంటున్నాను. భూమి, బావి ఉన్న పెద్ద రైతుకి ఇస్తే మొక్కలు బాగా బతుకుతాయి, ఫొటోలు కూడా బాగా వస్తాయి. కానీ వార్విక్‌లో కూర్చున్నావిడ ఇంకో రకం బెరడు కోసం ఇంకో అడవికి వెళ్ళాల్సిందే.

స్నేహితుడికి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. ఇంత పెద్ద సమస్యని సీఎస్సార్ బడ్జెట్ ఏం తీరుస్తుంది, నేల చట్టాలు మార్చడం మన పనా అన్నాడు. మన పని కాదు. ఆ మార్పు కోసం అక్కడి పల్లెటూరి ఆడవాళ్ళ సంఘాలు కోర్టుల్లో, ఊరి పెద్దల దగ్గర తామే పోరాడుతున్నాయి. మనం డబ్బు ఇచ్చేటట్టయితే అలాంటి సంఘం ఉన్న ఊరినే ఎంచుకోమన్నాను. మొక్క ఎవరి పేరున, ఏ నేలలో, ఎన్నేళ్ళకి రాసిచ్చారో కాగితం మీద చూపించమని అడగమన్నాను. ఎన్ని మొక్కలు నాటారన్న లెక్కని రెండో పేజీకి మార్చమన్నాను. ప్రపోజల్ తిరగరాసి పంపుతానన్నాడు. వచ్చాక చూసి మళ్ళీ రాస్తాను.